టెర్మినల్ స్పీడ్ అంటే క్యాట్ టైమ్ ఒక్కటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ టెక్నాలజీ పేజీలో లినక్స్ టెర్మినల్ ఎమ్యులేటర్ల మీద, అంటే కమాండ్లు టైప్ చేసే విండో ప్రోగ్రామ్‌ల మీద, వచ్చిన పోలిక చదివాను. తెలుగు పేపర్లో అలాక్రిటీ, కిట్టీ, ఫుట్ లాంటి పేర్లు అచ్చులో కనిపించడమే అరుదు, అందుకు ముందుగా థాంక్స్. కానీ ఆ వ్యాసం తేల్చిన తీర్పుతో నాకు పేచీ ఉంది. పెద్ద టెక్స్ట్ ఫైలు ఒకటి తీసుకుని, ఒక్కో టెర్మినల్లో దాన్ని క్యాట్ చేసి, అంటే ఫైలు మొత్తాన్ని స్క్రీన్ మీదకి వదిలే కమాండ్ కొట్టి, ఎంతసేపు పట్టిందో టైమ్ కమాండ్‌తో చూసి, తక్కువ సెకన్లు వచ్చినదానికి ఫస్ట్ ర్యాంకు ఇచ్చేశారు, పాతకాలపు ఎక్స్‌టర్మ్‌ని అట్టడుగుకి తోసేశారు, కాన్ఫిగరేషన్ గురించి 'వీటన్నిటినీ మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు' అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. రోజంతా టెర్మినల్లోనే పని చేసేవాళ్లకి ఇది సగం కథ కూడా కాదు. కొత్తగా లినక్స్‌లోకి వచ్చేవాళ్లయితే ఆ టేబుల్ చూసి, తమకి అక్కర్లేని లెక్క కోసం టెర్మినల్ మార్చేస్తారు.

అసలు ఆ క్యాట్ పరీక్ష ఏం కొలుస్తుందో చూడండి. టెర్మినల్ విండోకీ, లోపల నడిచే ప్రోగ్రామ్‌కీ మధ్య సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ పెట్టిన ఒక గొట్టం ఉంటుంది, సూడో టెర్మినల్ అంటారు, పొట్టిగా పీటీవై. క్యాట్ ఇటువైపు నుంచి బైట్లు పోస్తుంది, టెర్మినల్ అటువైపు నుంచి తోడుకుంటుంది. క్యాట్ ముగిసిందంటే ఆఖరి బైట్ ఆ గొట్టంలోకి వెళ్లిందని మాత్రమే అర్థం, అన్నీ స్క్రీన్ మీద పడ్డాయని కాదు. పడాల్సిన అవసరమూ లేదు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లే కొత్త ఫ్రేమ్ చూపిస్తుంది, అంటే ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య 16.7 మిల్లీసెకన్లు, ఆ సందులో టెర్మినల్ కొన్ని వేల లైన్లు మింగేసినా చివర్లో మిగిలిన స్క్రీన్ ఒక్కటి గీస్తే చాలు, మధ్యలోవి ఎలాగూ ఎవరి కంటికీ ఆనవు. ఎంత బాగా దాటేస్తే ఈ పరీక్షలో అంత మంచి మార్కులు. ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు, అలాక్రిటీ వాళ్లే రాసిన వీటీఈబెంచ్ అనే టూల్ తన రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లోనే ఈ మాట ఒప్పుకుంటుంది: మేం కొలిచేది పీటీవై నుంచి చదివే వేగం ఒక్కటే, ఫ్రేమ్ రేటు, లేటెన్సీ (స్పందనలో ఆలస్యం) లాంటివి ఇందులో లేవు, దీన్నిబట్టి టెర్మినల్ మొత్తం పనితనాన్ని అంచనా వేయొద్దు అని. టూల్ రాసినవాళ్లే వద్దన్న పని మీ టేబుల్ చేసింది.

అలాగని ఆ లెక్క ఎందుకూ పనికిరాదని అనను. పీటీవై గొట్టం చిన్నది. టెర్మినల్ తోడటం ఆలస్యమైతే గొట్టం నిండిపోతుంది, నిండగానే రాసే ప్రోగ్రామ్ ఆగిపోయి ఎదురుచూస్తుంది. పెద్ద ప్రాజెక్టు కంపైల్ చేస్తూ ప్రతి లైనూ స్క్రీన్ మీదకి వదిలేవాళ్లకి, లాగ్‌లు వరదలా పారించేవాళ్లకి, నెమ్మది టెర్మినల్ వల్ల నిజంగానే బిల్డ్ లేటవుతుంది. మీ వ్యాసంలో ఈ ఒక్క వాక్యం ఉన్నా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. పైగా దీనికి మందు సులువు, ఔట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించి అవసరమైనప్పుడు చివరి లైన్లు చూపే టెయిల్ కమాండ్‌తో చూసుకుంటే చాలు, టెర్మినల్ మార్చక్కర్లేదు.

వేళ్లకి తెలిసే స్పీడ్ వేరే ఉంది. కీ నొక్కినప్పటి నుంచి ఆ అక్షరం కంటికి కనపడేదాకా పట్టే టైమ్, అదే ఇన్‌పుట్ లేటెన్సీ. ఆ దారి ఎంత పొడుగో ఒకసారి తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. కీబోర్డు, కెర్నెల్, స్క్రీన్‌ని నడిపే డిస్‌ప్లే సర్వర్, విండోలు కట్టే టూల్‌కిట్, ఆ తర్వాత టెర్మినల్, అక్కడి నుంచి పీటీవై గుండా మన కమాండ్లు చదివే షెల్‌కి, షెల్ దాన్ని వెనక్కి పంపితే మళ్లీ టెర్మినల్, అది ఫ్రేమ్ గీసి, విండోలన్నిటినీ ఒక బొమ్మగా కలిపే కాంపోజిటర్‌కి ఇస్తే, కాంపోజిటర్ తన వంతు కోసం ఆగి మానిటర్‌కి ఇస్తుంది. ప్రతి మజిలీలోనూ కాస్త కాస్త పోతుంది. ఏదైనా ఒకచోట ఒక్క ఫ్రేమ్ తప్పిపోతే 16 మిల్లీసెకన్లు అక్కడే హరీ. రెండు చోట్ల తప్పితే టైప్ చేసేటప్పుడు అక్షరాలు వెనకబడుతున్నట్టు అనిపిస్తుంది, చాలామందికి కారణం తెలియదు, ఏదో మందకొడిగా ఉందని మాత్రం తెలుస్తుంది.

మీరు అట్టడుగున పెట్టిన ఎక్స్‌టర్మ్ తలెత్తేది సరిగ్గా ఇక్కడే. 1984లో మార్క్ వాండెవూర్డ్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది, 1996 నుంచి థామస్ డికీ చూసుకుంటున్నారు. క్యాట్ పరీక్షలో కొత్తవాటి ముందు నిలవలేదు, ఒప్పుకుంటాను. కానీ లేటెన్సీ కొలిచిన పోలికల్లో అది మళ్లీ మళ్లీ ముందు వరుసలో వస్తుంది. పెద్ద రహస్యమేం లేదు, మధ్యలో బరువైన టూల్‌కిట్ లేదు, ఫ్రేమ్ కోసం ఆగడం లేదు, అక్షరం రాగానే ఎక్స్ సర్వర్‌కి (లినక్స్‌లో పాత డిస్‌ప్లే సర్వర్ అది) గీయమని చెప్పేస్తుంది. ఒక్కో అక్షరం గీయడంలో చురుకుదనం, లక్ష లైన్లు మింగడంలో చురుకుదనం రెండూ ఒకటి కావు, ఒక్కోసారి ఒకటి బాగుపడితే ఇంకోటి చెడుతుంది కూడా. కాసేపు ఆగి, వచ్చినవన్నీ పోగేసి ఒకేసారి గీస్తే మింగే వేగం పెరుగుతుంది, కానీ ఆ 'కాసేపు ఆగడమే' వేళ్లకి ల్యాగ్.

కిట్టీ కాన్ఫిగ్ ఫైల్లో ఈ బేరం బట్టబయలుగా కనిపిస్తుంది. రీపెయింట్ డిలే అని ఒక సెట్టింగ్, మామూలుగా 10 మిల్లీసెకన్లు. ఇన్‌పుట్ డిలే ఇంకోటి, 3 మిల్లీసెకన్లు. సింక్ టు మానిటర్ అని మూడోది, మొదట్లోనే ఆన్‌లో ఉంటుంది. మొదటి రెండూ తగ్గించి మూడోది ఆపేస్తే టైపింగ్ చురుగ్గా తయారవుతుంది, బదులుగా సీపీయూ కాస్త ఎక్కువ తింటుంది, బొమ్మ చిరిగినట్టు కనిపించొచ్చు. ఇలా మార్చిన కిట్టీ, మార్చని కిట్టీ పరీక్షలో రెండు వేరు టెర్మినల్స్‌లా నడుస్తాయి. మీ టేబుల్లో 'కిట్టీ' అని ఒకే గడి ఉంది, అది ఏ కిట్టీ? పోల్చింది టెర్మినల్స్‌నా, వాటి డీఫాల్ట్ సెట్టింగ్స్‌నా?

వెర్షన్ నంబర్లు కూడా వేయలేదు. అది చిన్న విషయం కాదు. గ్నోమ్ టెర్మినల్, ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్, టెర్మినేటర్, టిలిక్స్ ఇవన్నీ పైకి వేరే అయినా లోపల వీటీఈ అనే ఒకే లైబ్రరీ మీద నడుస్తాయి. ఆ లైబ్రరీ ఇంతకుముందు తన సొంత టైమర్ ప్రకారం గీసేది, 2024 మార్చిలో గ్నోమ్ 46తో వచ్చిన వెర్షన్‌లో దాన్ని మానిటర్ ఫ్రేమ్‌లతో కలిసి నడిచేలా మార్చారు, లోపల ఇంకా చాలా సరిచేశారు, లేటెన్సీ బాగా తగ్గింది. కాబట్టి 'వీటీఈ టెర్మినల్స్ స్లో' అన్న పాత మాట పాత వెర్షన్‌కే వర్తిస్తుంది. ఫెడోరా 41 నుంచి డీఫాల్ట్‌గా వస్తున్న టిక్సిస్ కూడా వీటీఈదే, అదేమీ వెనకబడినట్టు నాకు అనిపించలేదు. మీ రచయిత వాడింది ఏ డిస్ట్రోనో, ఎన్నేళ్ల పాత ప్యాకేజీనో పాఠకులకి ఎలా తెలియాలి?

ఇక జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు సంగతి. 'జీపీయూతో గీస్తుంది కాబట్టి ఫాస్ట్' అని వ్యాసంలో రెండు మూడు చోట్ల వచ్చింది. 2017 జనవరిలో జో విల్మ్ అలాక్రిటీని ప్రకటించినప్పటి నుంచి ఈ మాట అందరికీ అలవాటైపోయింది, అప్పట్లో వాళ్ల రీడ్‌మీలోనే 'ఉన్నవాటన్నిటిలోకీ వేగవంతమైనది' అని ఉండేది, తర్వాత వాళ్లే తగ్గించుకుని ఊరికే ఫాస్ట్ అంటున్నారు. ఫుట్‌ని చూడండి, జీపీయూని ముట్టుకోదు, మొత్తం సీపీయూ మీదే గీస్తుంది, అయినా వేగంలో జీపీయూ టెర్మినల్స్ పక్కన దర్జాగా నిలబడుతుంది. ఎందుకంటే మారిన గడులు మాత్రమే గీస్తుంది, మారనివాటి జోలికి పోదు, గీయాల్సినవి ఎక్కువుంటే పనిని పలు థ్రెడ్‌లకి పంచుతుంది. టెర్మినల్లో మామూలుగా జరిగేదేంటి, ఒక అక్షరం మారుతుంది, కర్సర్ ఒక గడి జరుగుతుంది, అంతే. దానికి గ్రాఫిక్స్ కార్డుని లేపాలా అన్నది సబబైన ప్రశ్నే. ఫుట్‌కి ఉన్న షరతు ఒకటి, ఎక్స్‌కి బదులుగా వచ్చిన వేలాండ్ లేకపోతే నడవదు, పాత ఎక్స్ 11 మీద ఉన్నవాళ్లు దాన్ని మర్చిపోవాల్సిందే. అలాక్రిటీ లాంటివాటికి ఇంకో షరతు, జీపీయూతో గీయించే ఓపెన్‌జీఎల్ అనే ఇంటర్‌ఫేస్ కావాలి. వర్చువల్ మెషీన్లో, రిమోట్ డెస్క్‌టాప్‌లో జీపీయూ అందకపోతే ఓపెన్‌జీఎల్ పనిని కూడా సీపీయూయే సాఫ్ట్‌వేర్‌లో చేయాల్సి వస్తుంది, అప్పుడు 'జీపీయూ టెర్మినల్' అన్న బోర్డు మిగులుతుంది, వేగం మిగలదు.

విండో తెరుచుకునే టైమ్ ఇంకో లెక్క, దాన్ని మీరు కొలవనే లేదు. విండోల్ని పక్కపక్కన పలకల్లా పేర్చే టైలింగ్ విండో మేనేజర్లు వాడేవాళ్లు రోజూ చిన్న చిన్న పనులకి టెర్మినల్ తెరుస్తూ మూస్తూ ఉంటారు, వాళ్లకి ఇదే ముఖ్యం. ఫుట్‌లో సర్వర్ మోడ్ ఉంది, ఒక ప్రాసెస్ వెనకాల ఉండిపోతుంది, కొత్త విండో దాని దగ్గర్నుంచే పుట్టుకొస్తుంది. యూఆర్‌ఎక్స్‌వీటీ అనే పాత టెర్మినల్ ఇదే పని డెమన్‌తో (వెనకాల నడిచే ప్రాసెస్) ఎప్పటి నుంచో చేస్తోంది, కిట్టీకి సింగిల్ ఇన్‌స్టెన్స్ ఆప్షన్ ఉంది. మెమరీ కూడా కలిసొస్తుంది. కాకపోతే ఆ ఒక్క ప్రాసెస్ చచ్చిపోతే దానితోపాటు తెరిచిన విండోలన్నీ పోతాయి, ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

ఇంతా చేసి, 'నా టెర్మినల్ స్లో' అని మొత్తుకునేవాళ్లలో చాలామంది దగ్గర దొంగ టెర్మినల్ కాదు, షెల్. జెడ్‌ఎస్‌హెచ్ అనే షెల్‌కి అందమైన ప్రాంప్ట్ పెట్టుకుని, గుత్తగా ప్లగిన్లు దించుకుని, నోడ్ వెర్షన్ మేనేజర్‌ని స్టార్టప్‌లోనే లోడ్ చేసుకుని, ప్రతి ఎంటర్‌కీ కోడ్‌లో మార్పులు చూపే గిట్ స్టేటస్ తీసే ఏర్పాటు చేసుకుని, ఆ ఆలస్యాన్ని తీసుకెళ్లి టెర్మినల్ ఖాతాలో రాస్తారు. ఖాళీ షెల్ తెరిచి వెంటనే మూసేయడానికి ఎంత పడుతుందో టైమ్ కమాండ్‌తో చూడండి. అర సెకను దాటిందంటే ఏ టెర్మినల్ పెట్టినా ఉపయోగం లేదు. జెడ్‌ప్రోఫ్ అనే మాడ్యూల్ ఆన్ చేస్తే ఏ ఫంక్షన్ ఎన్ని మిల్లీసెకన్లు తింటోందో వరసగా చూపిస్తుంది. విమ్ ఎడిటర్‌లో ఎస్కేప్ నొక్కితే అర సెకను నిద్రపోవడం కూడా ఇలాంటిదే, అది ఒకే టెర్మినల్లో చాలా విండోలు నడిపే టీమక్స్‌లోని ఎస్కేప్ టైమ్ సెట్టింగ్ చలవ, ఏళ్ల తరబడి దాని డీఫాల్ట్ 500 మిల్లీసెకన్లు ఉండేది, 3.5 వెర్షన్‌లో 10కి తగ్గించారు. దాని తిట్లు కూడా పాపం టెర్మినల్స్‌కే పడేవి.

టీమక్స్ మాట వచ్చింది కాబట్టి, అలాక్రిటీకి మొదటి ర్యాంకు ఇచ్చేటప్పుడు దానికి ట్యాబులు లేవు, విండోని చీల్చుకునే సదుపాయం లేదు, కావాలంటే టీమక్స్ వాడుకోండని దాన్ని చేసినవాళ్లే అంటారన్న సంగతి కూడా రాయాల్సింది. టీమక్స్ స్వయంగా ఒక టెర్మినల్ ఎమ్యులేటరే. లోపలి ప్రోగ్రామ్ రాసింది ముందు టీమక్స్ చదివి అర్థం చేసుకుని, తన దగ్గర ఒక స్క్రీన్ కట్టుకుని, మళ్లీ దాన్ని బైట్లుగా మార్చి అలాక్రిటీకి ఇస్తుంది. ఒకే పని రెండుసార్లు. కాబట్టి టీమక్స్ లేని అలాక్రిటీని, ట్యాబులు సొంతంగా ఉన్న కేడీఈ వాళ్ల కాన్సోల్‌తోనో కిట్టీతోనో పోల్చి గెలిచిందనడం న్యాయం కాదు, రోజువారీ వాడకంలో ట్యాబులు కావాల్సినవాళ్లు ఎవరూ అలా వాడరు కాబట్టి.

కాన్ఫిగరేషన్‌కి వస్తే, టెర్మినల్స్ మధ్య అసలు తేడా నా దృష్టిలో ఇక్కడే ఉంది, దీన్ని ఒక్క ముక్కతో దాటేయడం నాకు మింగుడుపడలేదు. ఎక్స్‌టర్మ్‌లో ఏం మార్చాలన్నా ఎక్స్ రిసోర్సెస్ ఫైల్లో నక్షత్రం గుర్తులు, చుక్కలు పెట్టి రాసి, ఎక్స్‌ఆర్‌డీబీ కమాండ్‌తో ఎక్కించాలి, తప్పు రాస్తే ఎర్రర్ కూడా చెప్పదు, ఊరికే పట్టించుకోదు. సక్‌లెస్ బృందం చేసిన ఎస్‌టీ అనే టెర్మినల్ ఇంకో రకం, సెట్టింగ్స్ అన్నీ సీ భాషలో ఒక హెడర్ ఫైల్, డీఫాల్ట్ ఫాంట్ సైజు మార్చాలన్నా మళ్లీ కంపైల్ చేయాలి, వెనక్కి స్క్రోల్ చేయాలన్నా ప్యాచ్ (కోడ్ మార్పు) వేయాలి. ఆ పిచ్చి ఉన్నవాళ్లకి అది ఆనందమే, నాకు గౌరవమే, కానీ కొత్తవాళ్లకి చెప్పను. గ్నోమ్ టెర్మినల్లో అంతా మౌస్‌తో మార్చుకోవచ్చు, హాయి, అయితే ఆ సెట్టింగ్స్ డీకాన్ఫ్ అనే డేటాబేస్‌లో కూర్చుంటాయి, ఇంకో మెషీన్‌కి తీసుకెళ్లాలంటే డంప్ చేసి లోడ్ చేయాలి, గిట్‌లో పెట్టుకుని ఏం మారిందో చూసుకోవడం ఇబ్బంది.

అలాక్రిటీ మొదట్నుంచీ యామెల్ అనే ఫార్మాట్‌లో కాన్ఫిగ్ ఫైల్ వాడింది, 2023 చివర్లో 0.13తో టామెల్‌కి మారింది. మార్చుకోవడానికి మైగ్రేట్ కమాండ్ ఇచ్చారు, అది బాగానే పనిచేస్తుంది, కానీ ఇంటర్నెట్‌లో దొరికే పాత కాన్ఫిగ్‌లు సగం పైగా ఇంకా యామెల్‌వే, కాపీ కొట్టి 'పనిచేయట్లేదు' అని తల పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫైల్ సేవ్ చేయగానే మార్పు విండోలో కనిపించడం మాత్రం దాంట్లో నాకు బాగా నచ్చిన గుణం. వెజ్‌టర్మ్ కాన్ఫిగ్ అంటే లువా భాషలో ప్రోగ్రామే. రాత్రయితే ఒక రంగు, పగలయితే ఒక రంగు, ల్యాప్‌టాప్‌లో ఒక ఫాంట్ సైజు, పెద్ద మానిటర్‌కి ఇంకోటి, ఏం కావాలంటే అది రాసుకోవచ్చు, రాసుకుంటూ పోతే ఆదివారం గడిచిపోతుంది, సోమవారం అందులో బగ్ వెతుక్కోవచ్చు. ఘోస్టీ 2024 డిసెంబర్‌లో బయటికొచ్చింది, పేరు ఈక్వల్స్ విలువ అని సాదా ఫైల్, ఏమీ రాయకపోయినా మంచి ఫాంట్‌తో, పనికొచ్చే సెట్టింగ్స్‌తోనే తెరుచుకుంటుంది. కాన్ఫిగ్ రాయనక్కర్లేకపోవడం కూడా కాన్ఫిగరేషన్‌లో ఒక గుణమే అని నేనంటాను. కిట్టీ ఫైల్ పొడవు చూస్తే భయమేస్తుంది కానీ ప్రతి ఆప్షన్ పక్కనే వివరణ ఉంటుంది, చదువుకుంటూ పోతే టెర్మినల్ ఎలా పనిచేస్తుందో సగం అర్థమైపోతుంది.

ఒక సెట్టింగ్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు, దెబ్బ తగిలాకే తెలుస్తుంది. టర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, మనం వాడేది ఏ టెర్మినలో ప్రోగ్రామ్‌లకి చెప్పేది అదే. కిట్టీ దానికి 'ఎక్స్‌టర్మ్-కిట్టీ' అని పెడుతుంది, ఫుట్ తన పేరే పెట్టుకుంటుంది, ఘోస్టీ కూడా తన సొంత పేరే. మన మెషీన్లో ఇబ్బంది లేదు. దూరంగా ఉన్న పాత సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి వెళ్లాక, టెర్మినల్స్ వివరాలుండే అక్కడి టర్మ్‌ఇన్ఫో డేటాబేస్‌లో ఆ పేరు ఉండదు, టాప్ తెరవదు, క్లియర్ పనిచేయదు, బ్యాక్‌స్పేస్ కొడితే ఖాళీలు పడతాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి టెన్షన్‌లో లాగిన్ అయినప్పుడు ఇది ఎదురైతే ఆ టెర్మినల్ ఎంత ఫాస్టో ఎవరికీ గుర్తు రాదు. మందు ఉంది: ఇన్ఫోకంప్‌తో ఆ వివరం బయటికి తీసి అవతలి మెషీన్లో టిక్‌తో ఎక్కించాలి, కిట్టీ అయితే తన ఎస్‌ఎస్‌హెచ్ కిటెన్‌తో ఆ పని తానే చేస్తుంది. వెజ్‌టర్మ్, గ్నోమ్ టెర్మినల్ మామూలు ఎక్స్‌టర్మ్ 256 కలర్ పేరే వాడతాయి కాబట్టి ఈ గొడవ దాదాపు రాదు. పది రకాల సర్వర్లలో తిరిగే అడ్మిన్‌కి ఇది క్యాట్ టైమ్ కన్నా పెద్ద విషయం, మీ టేబుల్లో ఒక కాలమ్ దీనికివ్వాలి.

స్క్రోల్‌బ్యాక్, అంటే వెనక్కి జరిపి చూసుకోవడానికి దాచే లైన్లు, కూడా చూడాల్సిందే. డీఫాల్ట్‌గా ఫుట్ 1000 లైన్లు, ఎక్స్‌టర్మ్ 1024, కిట్టీ 2000, వెజ్‌టర్మ్ 3500, అలాక్రిటీ 10000 లైన్లు దాచుకుంటాయి, ఘోస్టీ అయితే లైన్లలో కాదు బైట్లలో లెక్కపెడుతుంది. మెమరీ ఎవరు ఎక్కువ తింటారని పోల్చేటప్పుడు వీటిని సమానం చేయకపోతే ఆ లెక్కకి విలువ లేదు. మీ వ్యాసంలోని మెమరీ పోలికలో వీటిని సమానం చేసిన జాడ కనపడలేదు.

చివరగా, తెలుగు పేపర్లో వచ్చిన వ్యాసం కాబట్టి ఒకటి అడగకుండా ఉండలేను, ఆ టెర్మినల్స్‌లో ఒక్కదాంట్లోనైనా తెలుగు టైప్ చేసి చూశారా? టెర్మినల్ అంటే గడుల పట్టిక, 1978 నాటి వీటీ100 అనే టెర్మినల్ యంత్రం నుంచి వచ్చిన వారసత్వం, అడ్డంగా 80, నిలువుగా 24, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మన లిపి ఆ గడుల్లో ఇమడదు. 'క్ష' యూనికోడ్‌లో మూడు సంకేతాలు, యూటీఎఫ్ 8లో తొమ్మిది బైట్లు, కంటికి మాత్రం ఒక్క అక్షరం. గడులు లెక్కపెట్టే పాత పద్ధతిలో 'కి'కి ఒక గడి, 'కు'కి రెండు గడులు, ఎందుకంటే గుడికి యూనికోడ్ ఇచ్చిన వర్గం వేరు, కొమ్ముకి ఇచ్చిన వర్గం వేరు. షెల్ ఒక లెక్క, టెర్మినల్ ఇంకో లెక్క వేసుకుంటే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. తెలుగు ఫైల్‌నేమ్ ఉన్న ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కొట్టి, ఆ పేరుని ఎడిట్ చేయబోతే ఈ బాధ తెలుస్తుంది. అలాక్రిటీలో అక్షరాల్ని కలిపి మలిచే ఏర్పాటే లేదు, ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. కిట్టీ, వెజ్‌టర్మ్ ఆ పని చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడతాయి, ఫుట్ కూడా గుత్తిగా వచ్చే అక్షరాల్ని గుర్తించడానికి ప్రయత్నిస్తుంది, కానీ గడుల ఇరుకు మాత్రం అలాగే ఉంది. ఎమ్‌ఎల్‌టర్మ్ అని ఒకటుంది, బహుభాషల కోసమే చేసింది, భారతీయ లిపుల్ని పట్టించుకున్న కొద్దిమందిలో అదొకటి, మీ జాబితాలో దాని పేరే లేదు.

నన్నడిగితే, వేలాండ్ మీద ఉండి తక్కువ మెమరీలో చురుగ్గా కావాలనుకునేవాళ్లు ఫుట్ పెట్టుకోవచ్చు, ఫైల్ ఎడిట్ చేయడం ఇష్టం లేనివాళ్లకి కాన్సోల్ గానీ కొత్త వీటీఈతో వచ్చే ఏదైనా గానీ చాలు, బొమ్మలు, ట్యాబులు, స్క్రిప్టులు అన్నీ కావాలంటే కిట్టీ. అలాక్రిటీ మంచిదే, టీమక్స్ ఎలాగూ వాడేవాళ్లకి. ఎక్స్‌టర్మ్‌ని రోజూ వాడమని చెప్పను గానీ మెషీన్లో ఉంచుకోండి, మిగతావి మొరాయించిన రోజున అది తెరుచుకుంటుంది.

మీ రచయిత గారు రెండో భాగం రాస్తారని వ్యాసం చివర వేశారు కాబట్టి ఒక మనవి. లేటెన్సీ కొలవడానికి ఎక్స్ 11లో అయితే టైపోమీటర్ అనే టూల్ ఉంది, వేలాండ్‌లో ఒక ప్రోగ్రామ్ ఇష్టమొచ్చినట్టు స్క్రీన్ చదవడానికి ఒప్పుకోదు కాబట్టి ఫోన్ కెమెరాయే దిక్కు, సెకనుకి 240 ఫ్రేమ్‌ల స్లో మోషన్‌లో వేలినీ స్క్రీన్‌నీ కలిపి తీసి, కీ కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి అక్షరం కనపడిన ఫ్రేమ్ దాకా లెక్కపెడితే చాలు, ఒక్కో ఫ్రేమ్ సుమారు 4.2 మిల్లీసెకన్లు. ఒక్క కీతో తేల్చకుండా చాలాసార్లు నొక్కి, సగటుతో పాటు అన్నిటికన్నా ఎక్కువ వచ్చినది కూడా వేయండి, మనిషికి చిరాకు తెప్పించేది ఆ అప్పుడప్పుడు వచ్చే పెద్ద ఆలస్యమే. టేబుల్ కింద టెర్మినల్ వెర్షన్, కాంపోజిటర్, మానిటర్ హెర్ట్జ్, మార్చిన సెట్టింగ్స్ నాలుగూ అచ్చు వేయండి. క్యాట్ పరీక్ష మళ్లీ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, ఈసారి ఆ ఫైల్లో సగం తెలుగు ఉండాలి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్, మీ పాఠకుడు